పాప వెనక పన్నెండు మంది

మా పాప నడకలో తేడా ఉందని నాకు మొదట తెలియజేసింది డాక్టరు కాదు. అత్తగారు కాదు, పాప తండ్రి కాదు, రోజూ దానికి స్నానం చేయించే నేనూ కాదు. పన్నెండు మంది నటులు. వాళ్ళు నోటితో చెప్పలేదు. నడిచి చూపించారు.

అది జరిగి ఏడు నెలలైంది. కోపం మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. ఎవరి మీద కోపం అంటే చాలా మంది ఉన్నారు. అందులో నేనూ ఉన్నాను కాబట్టే రాయడానికి ఇన్నాళ్ళు చేతులు రాలేదు. ఇప్పుడు పాప నిద్రపోయాక రోజుకు ఒక పేజీ, అర పేజీ రాస్తున్నాను.

మాది వాకాడు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన రొయ్య పిల్లల హేచరీలో సూపర్‌వైజరు. నేను యూనివర్సిటీలో రంగస్థల కళలు చదివాను. పెళ్ళిచూపుల్లో అత్తగారు ఆ మాట విని, "నాటకాలక్కూడా చదువుండాదా మా? మా ఊళ్ళో ఊరికినే ఏస్తారే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళయ్యాక ఆ చదువుతో చేసింది, క్రిస్మస్‌కు చర్చిలో పిల్లల చేత గొర్రెల కాపరుల వేషాలు వేయించడం ఒక్కటే. అందుకే నెల్లూరు నాటక బృందం ఒకటి మా ఊరి తుఫాను షెల్టరులో పదిహేను రోజుల శిక్షణ పెట్టుకుంటున్నామని, సాయంగా ఉంటావా అని అడిగితే, రెండో మాట లేకుండా ఒప్పుకున్నాను.

అది మాటల శిక్షణ కాదు, ఒంటి శిక్షణ. నటుడు ఎలా నిలబడాలి, ఎలా కూర్చోవాలి, బరువు లేని బిందెను బరువున్నట్టు ఎలా ఎత్తాలి, ఇంకొకరి నడకను తన ఒంట్లోకి ఎలా తెచ్చుకోవాలి, ఇవన్నీ. నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక మాస్టారు వచ్చాడు. పొద్దున నటుల చేత ఒళ్ళు వేడెక్కే వ్యాయామాలు చేయించడం, ఆయన చెప్పింది మళ్ళీ విడమర్చి చెప్పడం నా పని. నటులందరూ వేరే పనులు చేసుకుంటూ నాటకాలాడేవాళ్ళు. ఒకాయన సెల్ ఫోన్లు బాగుచేస్తాడు, ఒకామె వెంకటాచలంలో జాకెట్లు కుడుతుంది, ఇద్దరు డిగ్రీ చదివే అమ్మాయిలు.

పాపకు అప్పుడు ఏడాదీ ఎనిమిది నెలలు. నడక వచ్చి మూడు నెలలు. అత్తగారికి ఆ నెలలోనే కంటి ఆపరేషన్ అయింది, వంగకూడదు, బరువెత్తకూడదు. అందుకని పాపను నాతోనే తీసుకుపోయేదాన్ని. హాల్లో ఒక మూల దుప్పటి పరిచి, రెండు గిన్నెలు, ఒక గరిటె ఇస్తే అది దాని లోకంలో ఉండేది.

నాలుగో రోజు నడక పాఠం. ఒకరు ముందు నడవాలి, మిగిలినవాళ్ళు వెనక వరసగా నడుస్తూ ఆ నడక నేర్చుకోవాలి. దీనికొక నియమం ఉంది. వెక్కిరించకూడదు, ఎక్కువ చేయకూడదు. ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి. ఇది నాకు బాగా వచ్చిన పాఠం. చదువుకునే రోజుల్లో మమ్మల్ని బస్టాండులో వదిలి, ఎవరో ఒకరి వెనక నడిచి రమ్మనేవారు. ఒక మనిషి ఏ భుజానికి సంచి మోస్తాడో, ఏ చెప్పు కరుస్తుందో, వెనక నాలుగడుగులు వేసి చెప్పగలిగేదాన్ని. క్లాసులో నా కన్నే పదునైనదని పేరు. ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు ఒకరిద్దరు ముందు నడిచారు. మాస్టారికి నచ్చలేదు. "మీరంతా నడుస్తున్నామని తెలిసి నడుస్తున్నారు" అన్నాడు. చుట్టూ చూశాడు. పాప గరిటె పట్టుకుని కిటికీ వైపు పోతోంది.

"ఇదిగో, ఈ రోజు మన గురువు ఈమె. ఇంకా ఎవరూ పాడుచేయని శరీరం. వెనక నడవండి" అన్నాడు.

అందరూ మురిసిపోయారు. నేనైతే ఇంకా ఎక్కువ మురిసిపోయాను. ఫోన్ తీసి వీడియో కూడా మొదలుపెట్టాను. పాప వెనక పన్నెండు మంది. ఒక రౌండు అయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి, అందరూ పనిలో పడ్డారు. రెండో రౌండులో నాకు ముందు వినపడింది. నున్నటి సిమెంటు నేల, అందరివీ చెప్పుల్లేని కాళ్ళు. ధప్ మని ఒక అడుగు, తుప్ మని ఒక అడుగు. ఒకటి నిండు చప్పుడు, ఒకటి సగం చప్పుడు. ధప్, తుప్. ధప్, తుప్. ఫోన్ దించి కళ్ళతో చూశాను.

ఆరడుగుల మనిషి, పొట్టి మనిషి, లావాటి మనిషి, జడ వేసుకున్న అమ్మాయి. పన్నెండు మందీ ఎడమ అడుగు పడినప్పుడల్లా ఎడమ పక్కకు ఒరుగుతున్నారు. పన్నెండు మందికీ ఎడమ మడమ నేలకు ఆనడం లేదు. ఒక్కరు అలా నడిస్తే వాళ్ళేదో ఎక్కువ చేస్తున్నారనుకోవచ్చు. పన్నెండు ఒళ్ళు ఒకే చోట కుంగుతుంటే ఇంకేమనుకోవాలి? వాళ్ళ ముందు, వాళ్ళ మోకాలెత్తు మనిషి, గరిటె ఊపుకుంటూ, అదే పక్కకు ఒరుగుతూ పోతోంది. అంత చిన్న ఒంట్లో నాకు ముద్దుగా కనపడిందే పెద్ద ఒళ్ళలో కుంటిగా కనపడింది.

మాస్టారు చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! ఆ ఎడమ ఒరుగుడు పట్టుకోండి, వదలొద్దు. కామెడీకి బంగారం అది."

"సార్, ఆపండి" అన్నాను.

"ఇంకో రౌండు."

"సార్, పాప కాల్లో ఏదో ఉంది. చూడండి, అందరికీ ఒకే కాలు..."

"తెలుసమ్మా, అందుకే ఇంకో రౌండు. కన్నతల్లిని బయట వదిలి లోపలికి రా."

వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. నేను మధ్యలోకి పోయి పాపను ఎత్తుకున్నాను. గరిటె కింద పడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

షెల్టరు బయట, మెట్ల పక్కన ఏటవాలు సిమెంటు దారి ఉంటుంది. పాపను దాని మీద దించి, ఎదురుగా కూర్చుని రమ్మన్నాను. వచ్చింది. మళ్ళీ పొమ్మన్నాను. పోయింది. ఆ ఇరవై అడుగుల్లో మూడు నెలలు నాకు కనపడనిదంతా కనపడింది. మా ఇంటి ముందు ఇసుక. చర్చి దాకా ఇసుక. ఇసుకలో అందరూ ఊగుతారు, అందరి మడమలూ దిగబడతాయి. ఆ ఇసుకలో మా పాప నడక అందరి నడకే. చర్చిలో ఆడవాళ్ళు "మా బాతు వచ్చినాది" అని ఎత్తుకునేవాళ్ళు. పక్కింటి పెద్దాయన, "పడవ మీద పుట్టినట్టు ఊగుతాదే నీ కూతురు" అని మెచ్చుకునేవాడు.

ఇంకొకటి కూడా రాయాలి. పాప కడుపులో తలకిందులుగా తిరగలేదు, కాళ్ళు కిందికి ఉన్నాయని ఆపరేషన్ చేసి తీశారు. ఎదురుకాళ్ళ బిడ్డ. అలా పుట్టినవాళ్ళ కాలు తగిలితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. చర్చికి పోయేవాళ్ళకూ ఉంది, పోనివాళ్ళకూ ఉంది. పాపకు కాళ్ళు నిలిచింది మొదలు, వల లాగి నడుము పట్టేసిన మగవాళ్ళు, నాట్లేసి లేవలేని ఆడవాళ్ళు మా వరండాలో బోర్లా పడుకునేవాళ్ళు. అత్తగారు పాపను చంకల కింద పట్టుకుని వాళ్ళ నడుముల మీద నడిపించేది.

"ఎడమ కాలు ఎయ్యమనక్కా. ఆ కాలు ఏళ్ళతో నొక్కుతాది, సూది మాదిరి దిగతాది" అనేవాళ్ళు.

ఆ కాలు వేళ్ళతోనే ఎందుకు నొక్కుతుందని ఒక్కరు అడగలేదు. ఊరి నడుములన్నీ ఆ కాలి కిందికి వచ్చిపోయాయి, ఆ కాలిని చూసినవాళ్ళు లేరు. వాళ్ళకు నేను కాఫీలు కలిపి ఇచ్చాను.

సాయంత్రం ఇంటికి పోయి అత్తగారి దగ్గర కూర్చున్నాను. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద ఉంది.

"అత్తా, పాప ఎడమ కాలు ఎప్పుడైనా తేడాగా అనిపించిందా?"

"ఏం తేడా?"

"కుంటుతోంది."

"ఛీ, నోరు ముయ్యి మా. కుంటడమేంది? కండ పట్టిన బిడ్డ, తొడలొరుసుకుంటే అట్లనే నడస్తారు. మీ మామ రెండేండ్లకు గాని అడుగెయ్యలా. పెద్దయినాక నాయుడుపేట దాకా సైకిలు తొక్కినాడు."

"మామ సంగతి కాదు అత్తా. ఎడమ తొడ మీద మడతలు మూడున్నాయి, కుడి తొడ మీద రెండే."

"మడతలు లెక్కబెడతారా ఎవురైనా? ఆ ఆటగాళ్ళ మధ్యకి బిడ్డను తీసకపోవద్దని ముందే అన్నా. పన్నెండు మంది ఎనకాల నడిస్తే దిష్టి తగలక ఏమవతాది?" అని, వెంటనే నాలుక కరుచుకుని, "ప్రభువా, క్షమించు" అంది. ఇంకో రోజైతే నాకు నవ్వొచ్చేది.

మా ఆయన వచ్చాక వీడియో చూపించాను. చూశాడు. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"నాటకమోళ్ళు నడిస్తే నీకు తెలిసిందా? ఏందిమే ఇది."

"వాళ్ళను కాదు, పాపను చూడండి."

"చిన్నబిడ్డ. సర్దుకుంటాది."

హేచరీలో ఆయన పని నేను చూశాను. పొద్దున్నే తొట్టిలో నుంచి బేసిన్‌లోకి రొయ్య పిల్లల్ని తీసి, చేత్తో నీళ్ళు గిర్రున తిప్పుతాడు. బలమున్న పిల్లలు నీటికి ఎదురీది అంచులకు పోతాయి. లేనివి నడిమధ్యన పోగుపడతాయి. ఒక్క చూపుతో ఇది మంచి బ్యాచి, ఇది కాదు అని చెప్పేస్తాడు.

"వెంట్రుకంత రొయ్యపిల్లలో తేడా పట్టే మనిషికి, ఇంట్లో తిరిగే బిడ్డ కనపడలేదా?" అన్నాను.

చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. తర్వాత అన్నాడు. "కనపడింది."

"ఏంటి?"

"నెల నించి అనుమానంగానే ఉండాది. నీకు చెప్తే అల్లాడిపోతావని చెప్పలా. దగ్గొస్తే నెల్లూరు, తుమ్మొస్తే నెల్లూరు అంటావు గదా నువ్వు."

నేను కేకలు పెట్టలేదు. పెట్టాల్సింది. నిజమే, నాకు భయమెక్కువ. పాప పాలు కక్కితే భయం, కక్కకపోతే భయం. పోయిన ఏడు రెండుసార్లు పరిగెత్తి పోతే, రెండుసార్లూ ఏమీ లేదన్నారు. అప్పటి నుంచి ఇంట్లో అందరూ నా భయాన్ని ఒక జోకు చేశారు. చివరికి నేను కూడా, నాకేదైనా కనపడితే, అది కనపడడం కాదు, నా భయమే అనుకోవడం అలవాటు చేసుకున్నాను. తొడ మీద మడతలు నేను ఎప్పుడో చూశాను. చూసి, నీ పిచ్చి నువ్వూ అని నన్ను నేనే తిట్టుకుని, పౌడర్ రాశాను.

మర్నాడు దగ్గరి టౌనులో పిల్లల డాక్టరు దగ్గరికి పోయాం. పాప నా మెడ వదల్లేదు. కిందికి దించితే కాళ్ళు ముడుచుకుని ఏడుపు. డాక్టరు కుర్చీలోంచి లేవలేదు.

"మొదటి బిడ్డా?"

"అవునండి."

"అర్థమైంది. బరువు బాగుంది, కాళ్ళు బాగా ఆడిస్తోంది. కాల్షియం రాస్తాను."

"ఒకసారి నడక చూడండి డాక్టరు గారూ. వీడియో ఉంది."

వీడియో ఐదు సెకన్లు చూశాడు. "ఈ పెద్దవాళ్ళంతా ఎవరమ్మా? ఏం చేస్తున్నారు?" అని నవ్వాడు. పాపను చూడలేదు, వెనక ఉన్న పన్నెండు మందిని చూశాడు. మా ఆయన కూడా నవ్వాడు. బయటికొచ్చాక, "చెప్పినా గదా" అన్నాడు. అందులో నిశ్చింత ఉంది. ఆ నిశ్చింతను చూసి నాకు కాల్షియం సీసా రోడ్డు మీద పగలగొట్టాలనిపించింది.

రెండు రోజుల తర్వాత షెల్టరుకు పోయాను, పాపను ఇంట్లోనే ఉంచి. అక్కడ కొత్త సంగతి తెలిసింది. శిక్షణ అయ్యాక నెల్లూరులో వేయబోయే వాళ్ళ నాటకంలో నవ్వించే వంటమనిషి పాత్ర ఉంది. ఆ పాత్రకు మాస్టారు మా పాప నడక ఇచ్చాడు. వేసేది వెంకటాచలం దర్జీ ఆవిడ. వయసులో నాకన్నా పదేళ్ళు పెద్ద. నన్ను చూడగానే పక్కకు తీసుకుపోయింది.

"మా, నీ బిడ్డ నడక చేస్తా ఉంటే రెండు దినాలుగా నాకు ఈడ సలుపుతా ఉండాది" అని ఎడమ గజ్జ మీద చెయ్యి పెట్టి చూపించింది. "పాపకు సలపదా?"

"ఏమో అక్కా. ఏడవదు."

"పుట్టినకాడ్నించి అంతే అయితే, సలుపని దానికెట్ట తెలస్తాది? విను. ఆ నడక నాకు ఊరికే రాలా. ముందు పక్కకు ఒరిగి చూసినా, రాలా. నడుము ఊపినా, రాలా. ఎడమ కాలు రెండు వేళ్ళంత పొట్టి అనుకున్నాక వచ్చింది. జాకెట్టుకు ఒక చెయ్యి పొట్టిగా పడినట్టు. అప్పుడు ఒళ్ళు దానంతటదే ఒరుగుతాది. మడమ ఆనించినావంటే నడక పోతాది."

నా చేత రెండుసార్లు నడిపించింది. "ఊఁహు, భుజం కాదు. భుజం తర్వాత. తుంటి ముందు కూలబడల్ల" అని నా తుంటి మీద చెయ్యి వేసి నొక్కింది. మూడోసారి వచ్చింది. ఆ నడక నా ఒంట్లోకి వచ్చిన క్షణం నాకు తెలిసిపోయింది, ఇది కండ కాదు, తొడలొరుసుకోవడం కాదు. లోపల ఏదో ఉండాల్సిన చోట లేదు.

మాస్టారి దగ్గరికి పోయాను.

"సార్, ఆ నడక తీసేయండి."

"అదేంటమ్మా, నాటకం మొత్తంలో బెస్ట్ బిట్ అది."

"పాప కాల్లో లోపముంది. దాన్ని చూసి జనం నవ్వుతారు."

"జనానికి మీ పాప తెలీదు కదా. నడకకు ఓనరు ఉంటాడా? నువ్వు బస్టాండులో ఎంతమంది నడకలు తెచ్చుకుని ఉంటావు? వాళ్ళని అడిగావా?"

అది విని నాకు ఒకాయన గుర్తొచ్చాడు. బస్టాండులో ఒక ముసలాయన ఉండేవాడు, ఒక కాలు ఈడుస్తూ వేరుశనక్కాయలు అమ్మేవాడు. ఆయన నడక చేసి నేను క్లాసులో అందరినీ నవ్వించాను. మొదటి మార్కు నాదే. ఆయన కాలికి ఏమైందో నేను అడగలేదు. ఆయన వెనక నలభై అడుగులు వేశాను, ఒక్క వేరుశనక్కాయ పొట్లం కొనలేదు.

"అడగలేదు సార్. తప్పు చేశాను. ఇప్పుడు మీరు చేస్తున్నారు" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఈ కోపం చూడు, ఇప్పుడు నీ వెన్నెముక ఎంత నిటారుగా ఉందో చూడు. దీన్ని వాడుకో."

చెప్పులు వేసుకుని వచ్చేశాను. దర్జీ ఆవిడ ఆ పాత్ర వేసింది, అదే నడకతో. నెల్లూరులో జనం బాగా నవ్వారట. ఆవిడే ఫోన్ చేసి చెప్పింది, దాచకుండా. "నేను చెయ్యకుంటే ఇంకొకరు చేస్తారు మా, వాళ్ళు ఎక్కువ చేస్తారు" అంది.

నేను షెల్టరు నుంచి వచ్చేసిన వారమే నెల్లూరులో ఎముకల డాక్టరు దగ్గరికి పోయాం. మా ఆయన రానన్నాడు. "అయితే నేనొక్కదాన్నే బస్సులో పోతాను" అంటే వచ్చాడు. అక్కడా పాప అదే పని. దించితే కాళ్ళు ముడుచుకుంది, ఏడ్చింది, టేబుల్ కింద దూరింది. బయట నలభై మంది ఉన్నారు. డాక్టరు ఓపికగానే ఉన్నాడు, కానీ పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఆ పెన్ను రాయబోయేది నాకు తెలుసు.

చెప్పులు విప్పాను. చున్నీ నడుముకు చుట్టి ముడేశాను.

"డాక్టరు గారూ, పాప నడవదు. అది ఎలా నడుస్తుందో నేను నడుస్తాను, చూడండి."

"ఏమ్మే, కూర్చో" అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి. తలుపు దగ్గర నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తలుపు దగ్గర్నుంచి పరీక్ష బల్ల దాకా నడిచాను. ఎడమ కాలు రెండు వేళ్ళు పొట్టి. తుంటి ముందు, భుజం తర్వాత. మడమ ఆననీయలేదు. వెక్కిరించలేదు, ఎక్కువ చేయలేదు. పాప టేబుల్ కింద నుంచి ఏడుపు ఆపి చూసింది.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "మళ్ళీ నడవండి. ఈసారి అటు నుంచి ఇటు."

నడిచాను.

"ఎడమ వైపా?"

"ఎడమ."

"మీకు ఎవరు నేర్పారు ఇలా?"

"మా పాపే" అన్నాను.

ఆయనే వంగి టేబుల్ కింద నుంచి పాపను తీసి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు మోకాళ్ళు మడిచి పక్కపక్కన పెట్టాడు. ఒక మోకాలు ఎత్తుగా, ఒకటి పల్లంగా. గదిలో ఉన్నవాళ్ళందరికీ కనపడింది. మా ఆయన అక్కడి నుంచి కళ్ళు తిప్పుకున్నాడు.

ఎక్స్‌రేలో ఇంకా స్పష్టంగా ఉంది. తొడ ఎముక పైన బంతిలా ఉండేది తుంటిలో గిన్నెలాంటి గుంటలో కూర్చోవాలి. మా పాపకు ఎడమ పక్క ఆ బంతి గిన్నెలో లేదు. పైకి జరిగి, బయట ఉంది. పుట్టినప్పటి నుంచీ.

"కాళ్ళు ముందుగా ఉన్న బిడ్డా?" అని అడిగాడు.

"అవునండి."

"అలాంటి బిడ్డలకు పుట్టగానే తుంటి చూడాలి. చూడలేదా ఎవరూ? ఆరు నెలల లోపయితే బెల్టు కట్టి సరిచేసేవాళ్ళం. ఇప్పుడు ఆపరేషనే. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఇంకా కష్టం."

ఎవరూ చూడలేదు. కాన్పు చేసిన ఆసుపత్రిలో బరువు చూశారు, పచ్చకామెర్లు చూశారు, పాదముద్ర తీసుకున్నారు. ఎదురుకాళ్ళని నాకు కోత పెట్టిన వాళ్ళే, ఆ కాళ్ళను ఒక్కసారి మడిచి చూడలేదు. నిమిషం పని. డాక్టరు ఇప్పుడు నా కళ్ళ ముందు చేసినంత పని.

దారిలో మా ఆయన, "నువ్వే గెలిచినావు" అన్నాడు. ఓదార్పుగా అన్నాననుకున్నాడు. బస్సులో జనం ఉన్నారని చూడలేదు నేను. "ఇది పందెమా? నెల నించి తెలిసి నోరు మూసుకున్నావు. నన్ను కాపాడటానికా? నన్ను కాదు, నీ నిద్రను కాపాడుకున్నావు" అన్నాను. మీరు అనే అలవాటు ఆ బస్సులో పోయింది, మళ్ళీ రాలేదు. ఆయన పాపను ఒళ్ళోకి తీసుకుని, ఊరొచ్చేదాకా ఆ ఎడమ పాదం గుప్పెట్లో పట్టుకుని కూర్చున్నాడు.

ఆపరేషన్ అయింది. రొమ్ము కింద నుంచి ఎడమ కాలి మడమ దాకా, కుడి కాలి మోకాలి దాకా సిమెంటు కట్టు. ఆరు వారాలు ఒకటి, విప్పి ఇంకో ఆరు వారాలు ఇంకొకటి. అందులో పాప కప్పలా కాళ్ళు చాపి పడుకుని, పైకి చూస్తూ మాటలు నేర్చుకుంది. మొదట నేర్చుకున్న పూర్తి వాక్యం, "నన్ను ఎత్తొద్దు." చర్చి నుంచి ఆడవాళ్ళు ప్రార్థన చేయడానికి వచ్చారు. చేయనిచ్చాను. అయ్యాక ఒకామె, "కట్టు ఇప్పినాక మా నడుములు తొక్కల్ల మళ్ళీ" అని పాప బుగ్గ పుణికింది. "మీ నడుములకు మాత్రలున్నాయి, పోయి మింగండి" అన్నాను. అత్తగారు నన్ను ఏమీ అనలేదు. వాళ్ళను గేటు దాకా సాగనంపి వచ్చి, నా పక్కన కూర్చుని, మొదటిసారి పాప తొడలు తడిమి చూసింది. "నా చేతులతో నూనె రుద్దినా గదే మా, రోజూ" అంది. ఆవిడ మీద కోపం అక్కడ తగ్గింది. మిగిలినవాళ్ళ మీద తగ్గలేదు.

పోయిన వారం మాస్టారి నుంచి మెసేజ్ వచ్చింది. దర్జీ ఆవిడ చెప్పిందట. "మీ పాప సంగతి విన్నాను. మన పాఠం వల్లే బయటపడింది కదా, చాలా గర్వంగా ఉంది. నా శిక్షణల్లో ఈ ఉదాహరణ చెప్పుకోవచ్చా? పేర్లు చెప్పను."

నా కోపమంతా ఆ మాట అబద్ధం కానందుకే. అది నిజం. ఆ రోజు ఆయన పాప వెనక వాళ్ళను నడిపించకపోతే ఇంకో ఏడాది మేం బాతు, బాతు అని ముద్దు చేస్తూ ఉండేవాళ్ళం. జవాబు నాలుగుసార్లు రాసి చెరిపాను. చివరికి ఇలా పంపాను: "మీ వల్లే తెలిసింది సార్. చెప్పుకోండి. తెలిశాక, బిడ్డ కాల్లో ఏదో ఉందని తల్లి చెప్పాక కూడా, ఇంకో రౌండు నడవమన్నారు. అది కూడా కలిపి చెప్పండి."

చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు.

కట్టు విప్పి తీసిన ఎక్స్‌రేలో బంతి గిన్నెలో ఉంది. "కూర్చుంది. కానీ పెద్దయ్యేదాకా ఏడాదికోసారి చూసుకుంటూ ఉండాలి" అన్నాడు డాక్టరు. నడక బాగుపడుతుందా అంటే, బాగుపడే అవకాశం ఎక్కువన్నాడు. తప్పకుండా అనలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగాను, అయినా అనలేదు. కండ కరిగి ఎడమ తొడ కుడి దాంట్లో సగమైంది. రోజుకు మూడుసార్లు ఆ కాలు పక్కకు ఎత్తించాలి, పదేసి సార్లు.

ఈ రోజు సాయంత్రం నాలుగోసారికే పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆరోసారి కాలు బిగబట్టింది. మా ఆయన, "ఇయ్యాల్టికి వదిలెయ్యిమే" అన్నాడు. నేను వదల్లేదు. పాప తల తిప్పి, నా మణికట్టు పట్టుకుని, పళ్ళు దిగేలా కొరికింది. కొరుకుతూనే నా కళ్ళల్లోకి చూసింది, అంత కోపం ఆ ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండో చేత్తో దాని మడమ పట్టుకుని, కాలు మెల్లగా పక్కకు ఎత్తి, "ఏడు" అన్నాను.